ఎడమచేతి కుట్టు

"ఆ డబ్బా ఎందుకురా నీ పక్కన?"

తమ్ముడు తలెత్తలేదు. రేకు డబ్బాలోంచి ఇంకో మేకు తీసి, కుర్చీ చట్రం మీదకి రెక్సిన్ అంచు లాగిపట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. మేకు వంగిపోయింది. దాన్ని పీకి నేల మీదకి విసిరేశాడు.

"మేకుల డబ్బా మేకులు కొట్టేవాడి పక్కన కాకపోతే ఎక్కడుంటుందక్కా? ఫ్రిజ్జులో పెట్టమంటావా?"

అక్క నవ్వలేదు. చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టి అతని నోటికేసి చూసింది.

సోఫాలు కుట్టేవాళ్ళు మేకులు డబ్బాలోంచి తీసుకోరు. గుప్పెడు మేకులు బుగ్గన పెట్టుకుని, నాలుకతో ఒక్కోటీ పెదాల మీదకి తోస్తూ, సుత్తికున్న అయస్కాంతానికి అంటించి కొడతారు. రెండో చెయ్యి గుడ్డని వదలకూడదు కదా మరి. అక్కాతమ్ముళ్ళిద్దరూ తండ్రి దగ్గర అలాగే నేర్చుకున్నారు. తమ్ముడు ఒకసారి తాగిన మైకంలో మేకు మింగేసి ఆస్పత్రిలో నరకం చూశాడు. అప్పట్నుంచి తాగినరోజున నోట్లో మేకు పెట్టడు. లివరు పాడైపోతోందని డాక్టరు చెప్పినా ఆగని మనిషికి ఆ చిన్న ఇనపముక్కంటే మాత్రం భయం. అందులో ఏం న్యాయముందో అతణ్ణే అడగాలి.

"నోరు తెరువు," అంది అక్క.

"పన్ను నొప్పి. అందుకే పెట్టుకోలేదు."

"నువ్వు కొడుతున్నవి పళ్ళ డాక్టరు కుర్చీలే. వెళ్ళి చూపించుకో. ముందు నోరు తెరువు."

తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు చిన్నప్పట్నుంచీ ఉన్నదే. ఆ నవ్వు చూసి అక్క ఎన్నిసార్లు తన ముద్ద అతని కంచంలో వేసిందో లెక్కలేదు.

"కొంచెమేనక్కా. నిద్ర పట్టక. ఒట్టు, మందు మాన్పించే సెంటర్నుంచి వచ్చాక ఇదే మొదటిసారి... అంటే, బావ తెచ్చిచ్చినప్పటి సంగతి వదిలేస్తే."

బావ అనగానే అక్క చూపు గేటు వైపు పోయింది.

బావ అంటే అక్క భర్త. తమ్ముడు పిలవడం విని వీధివీధంతా అదే పిలుపు పట్టుకుంది. ఎదురింటి ముసలాయన కూడా బావా అనే పిలుస్తాడు. ఇంటి కిందే ఉన్న ఈ సోఫాల షాపు వ్యాను నడిపేది ఆయనే. పోయిన ఆదివారం అక్క ఆయన్ని ఇంట్లోంచి పంపించేసింది. "బావే తెచ్చి ఇస్తున్నాడక్కా, నేను వద్దన్నా వినడు" అని తమ్ముడు ఏడ్చాడు. వ్యానులో దుప్పట్ల కింద వెతికితే ఖాళీ సీసా దొరికింది. "నాకు తెలీదు" అన్నాడు బావ. ఒక్కసారే అన్నాడు. అక్క వినిపించుకోకపోయేసరికి రెండోసారి అనలేదు.

ఇప్పుడాయన టైర్ల షాపు మేడ మీద ఓ స్నేహితుడి గదిలో ఉంటున్నాడు. ఇల్లు వదిలాడు కానీ పని వదల్లేదు. రోజూ పొద్దున్నే వ్యాను తెచ్చి గేటు బయట ఆపుతాడు, సోఫాలు ఎక్కించుకుంటాడు, గడప తొక్కకుండా వెళ్ళిపోతాడు.

మనిషిని పంపించేసింది. మందు మాత్రం ఇంట్లోనే ఉంది.

"బావ వెళ్ళిపోయాడు కదరా," అంది అక్క మెల్లగా. "ఇప్పుడెవరు తెచ్చారు?"

"వెళ్ళేముందు దాచిపెట్టి పోయాడు."

ఆ జవాబు ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అక్క దాదాపు నమ్మేసింది. "అవునా, ఎక్కడ?" అని అడగబోయి ఆగిపోయింది. తనమీద తనకే ఒళ్ళుమండింది. ఎవరైనా ఒక మనిషిని ఇన్నిసార్లు నమ్ముతారా? అదీ ఒకే నవ్వు చూసి?

ఇంకేం మాట్లాడకుండా పని వైపు తిరిగింది. పళ్ళ డాక్టరుగారి ముగ్గురు కూర్చునే సోఫా ఆ పూటే వెళ్ళాలి. చివరిసారి చూసుకోవడానికి దాన్ని ముందుకి వాల్చింది.

లోపల ఏదో టంగుమంది.

సోఫాలో స్ప్రింగులుంటాయి, పట్టీలుంటాయి, స్పాంజి ఉంటుంది. టంగుమనేది ఏదీ ఉండదు.

తమ్ముడి సుత్తి చప్పుడు ఆగిపోయింది.

అక్క మోకాళ్ళ మీద కూర్చుని అడుగున ఉన్న నల్లగుడ్డ మీద చెయ్యి వేసి తడిమింది. వెనక కాలు దగ్గర గుడ్డని జానెడు విప్పి మళ్ళీ కుట్టారు. వంకర సూదితో, ఒక్క పోగు పైకి రాకుండా, ఎంత ముచ్చటగా కుట్టారో. కంటికి ఆనదు, వేలికి మాత్రమే తెలుస్తుంది. ఆ కుట్టు వాలిన వైపు చూసి అక్క చెయ్యి అక్కడే ఉండిపోయింది.

కుడిచేత్తో కుట్టేవాళ్ళ కుట్టు ఒక పక్కకి వాలుతుంది. ఇది రెండో పక్కకి వాలింది.

తమ్ముడికి సూదిపని రాదు. బావకి బొత్తాం కుట్టుకోవడం కూడా రాదు. ఈ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే ఉంది. ఆ మనిషికి ఈ కుట్టు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది అక్కే. "కింద ఎవరు చూస్తారులే అనుకోకు, చూడని చోటే కుట్టు బావుండాలి" అని నేర్పింది. దొంగతనంగా సీసా దాచేటప్పుడు ఎవరైనా రెండు మేకులు కొట్టి ఊరుకుంటారు. తన దగ్గర నేర్చుకున్న పిల్ల కాబట్టి అప్పుడు కూడా కుట్టు చెడగొట్టలేదు.

అక్క కత్తెర తీసుకుని కుట్టు విప్పింది. సీసా చేతిలోకి వచ్చింది. సగం ఉంది.

"అక్కా, నేను చెప్తాను..."

"నువ్వు నోరు మూసుకో," అంది. ఆ మాట తమ్ముడితో అనడం అదే మొదటిసారి.

*

మేడమీద కిటికీ దగ్గర కూర్చుని మరదలు, తమ్ముడి భార్య, దిండు గలీబుకి జిప్పు కుడుతోంది. అడుగుల చప్పుడు విని మొహమంతా నవ్వు చేసుకుంది.

"వదినా, సమయానికొచ్చారు. ఈ జిప్పు చూడండి, సరిగ్గా కూర్చుందా? మీరు బావుందంటే తప్ప నాకు తృప్తుండదు."

అక్క సీసా తెచ్చి మిషను బల్లమీద పెట్టింది.

మరదలు సీసాని చూసింది. జిప్పుని చూసింది. మళ్ళీ సీసాని చూసింది.

"ఏంటది?"

"డాక్టరుగారి సోఫాలో దొరికింది."

"అయ్యో! ఆయన మళ్ళీ మొదలుపెట్టారా వదినా? ఎంత చెప్పినా..."

"కుట్టు నీది."

"కుట్టు మీద పేరు రాసుంటుందా ఏం?"

"నీ కుట్టు మీద రాసే ఉంటుంది. ఇది నా చేత్తో నేర్పిన కుట్టు. చదువుకోవడం నాకు రాదా?"

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మరదలు జిప్పుని అటూ ఇటూ లాగుతూ కూర్చుంది. అక్క కూర్చోలేదు. కూర్చుంటే జాలేస్తుందని భయం.

"నేనే," అంది చివరికి మరదలు. "నేనే తెచ్చాను. కొట్టండి. చంపేయండి. మీకెలాగూ నేనంటే గిట్టదు."

"నిన్నటిదాకా నేను నీకు అమ్మనన్నావు."

"ఇప్పుడూ అమ్మే! మీరు లేకపోతే నేనేమైపోతాను?" మరదలు లేచి రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నన్ను వెళ్ళగొట్టకండి వదినా. మీరు వెళ్ళిపొమ్మంటే నేను బతకను. చెప్తున్నాను."

ఈ మాట కూడా కొత్తది కాదు. ఉదయం అమ్మ, మధ్యాహ్నం శత్రువు, సాయంత్రానికి మళ్ళీ అమ్మ. సెంటరు డాక్టరు ఒకసారి అక్కని పక్కకి పిలిచి, "మీ మరదలికీ వైద్యం కావాలమ్మా. నటన కాదు, ఆమె మనసు తీరే అలాంటిది. వదిలేసి పోతారేమోనన్న భయం పట్టుకుంటే ఇంకేం కనపడదు. ఆ క్షణానికి ఆ భయం తగ్గితే చాలనిపిస్తుంది, అంతే" అని చెప్పాడు. అక్క చేతులు జోడించి, "మా ఇంట్లో ఒక రోగి చాలు డాక్టరుగారూ" అంది. అక్కడితో ఆ మాట ముగిసిపోయింది.

"ఎందుకు?" అంది అక్క. "అది చెప్పు. వాణ్ణి మనిషిని చెయ్యడానికి నేను పడ్డ పాట్లు నువ్వు చూడలేదా? మొన్న మొన్నటిదాకా నువ్వూ నాతోపాటే ఏడ్చావు కదే! చేతులారా నువ్వే పోస్తావా?"

మరదలు చేతులు వదిలేసింది. ఈసారి గొంతులో ఏడుపు లేదు.

"సెంటర్నుంచి వచ్చినాయన మా ఆయన కాదు వదినా. ఎవరో వచ్చారు. పొద్దున్నే లేచి దుప్పటి మడతపెట్టుకునేవారు. 'బాగా నిద్రపట్టిందా' అని అడిగేవారు, పక్కింటావిడని అడిగినట్టు. ఒకరోజు, 'మనిద్దరం కలిసుంటే ఇద్దరికీ మంచిదేనా అని ఆలోచించుకోమన్నారు అక్కడ. ఆలోచిస్తున్నాను' అన్నారు. ఆలోచిస్తున్నారట! కిటికీలోంచి బయటికి చూస్తూ."

"ఆలోచించుకోనివ్వాల్సింది."

"మీకేం, ఎన్నయినా చెప్తారు! తాగితే నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటారు. నా పేరు పెట్టి పిలుస్తారు. తాగకపోతే నేను గోడకున్న కాలెండర్ని. మీరైతే ఏం చేసేవారు? నాకు ఆ పూట ఆయన నావైపు తిరిగితే చాలనిపించింది. మర్నాడు ఏమవుతుందో నాకు తోచలేదు వదినా. నిజంగా తోచలేదు."

ఇది అబద్ధం కాదని అక్కకి తెలిసింది. తెలిసి కోపం ఇంకా పెరిగింది. అబద్ధమైతే తిట్టి ఊరుకోవచ్చు.

"మరి బావ సంగతేంటి?"

మరదలు కళ్ళు దించుకుంది.

"అన్నయ్యగారి పేరు నేను చెప్పలేదు. మీరు అడుగుతుంటే మా ఆయన భయపడి ఆ పేరు చెప్పారు. నేను ఊరుకున్నాను, అంతే."

"ఊరుకున్నావా? ఆయన పెట్టె సర్దింది ఎవరు? చొక్కాలు ఇస్త్రీ చేసి మరీ పెట్టావు. పళ్ళు తోముకునే బ్రష్ కూడా గుర్తుపెట్టుకుని వేశావు."

"అన్నయ్యగారికి అక్కడ ఇబ్బంది కాకూడదని."

నిజంగానే ఆ పిల్ల ఆయన ఇబ్బంది గురించే ఆలోచించింది. మనిషిని ముంచుతూ, తడిస్తే జలుబు చేస్తుందని తువ్వాలు కూడా ఇచ్చింది.

"చెప్పేద్దామనుకున్నాను వదినా," అంది మరదలు. "మీరు మా ఆయన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి గట్టిగా, 'నిజమా?' అని అడిగితే నేను అడ్డం వచ్చి చెప్పేసేదాన్ని. గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మీరు అడగలేదు. నమ్మేశారు."

అక్కకి తల కొట్టేసినట్టయింది. మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "ఆయనకి చెప్పకండి, ఆయనకి చెప్తే నేనుండను!" అని అరుపు వినపడింది. ఏ ఆయనకో అర్థం కాలేదు.

బయట వ్యాను హారను మోగింది.

*

బావ గేటు బయటే నిలబడ్డాడు. చొక్కా కాలరు నలిగి ఉంది. గడ్డం గీసుకున్నాడు గానీ చెవి కింద కొంచెం వదిలేశాడు. ఇంట్లో ఉంటే, "ఇక్కడ మిగిలింది" అని అక్క వేలు పెట్టి చూపించేది.

"సోఫా సిద్ధమేనా?" అన్నాడు, అక్కని కాదు, గేటుని అడిగినట్టు.

"లోపలికి రండి."

"ఇక్కణ్ణుంచే ఎత్తుకుంటాను."

"లోపలికి రండి. మీకో సంగతి చూపించాలి."

బావ ఒక నిమిషం ఆలోచించి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. తన షాపులో తనే చుట్టంలా అడుగేశాడు. వాల్చి ఉన్న సోఫానీ, విప్పిన కుట్టునీ చూశాడు. మూలన తలదించుకుని కూర్చున్న బావమరిదినీ చూశాడు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"పైనున్న అమ్మాయా?" అన్నాడు.

"ఊఁ."

"పాపం," అన్నాడు బావ. ఎవర్ని అన్నాడో తెలీదు.

అక్క ఎన్నో మాటలు కూడబలుక్కుంది మెట్లు దిగేటప్పుడు. అన్నీ ఎటో పోయాయి. ఈ మనిషి ఇంటికి రావాలి. ఇంకేం వద్దు. రోజూ గేటు దాకా వచ్చి పోతుంటే కిటికీ తెర పక్కనుంచి చూస్తూ నిలబడింది తనే. అప్పుడు తనదే న్యాయమనుకుంది కాబట్టి నిలబడగలిగింది. ఇప్పుడు ఆ ఆధారం కూడా పోయింది.

"తప్పయిపోయింది," అంది. "నాదే తప్పు. ఇంటికొచ్చేయండి."

బావ తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏరా, నా పేరే ఎందుకు తోచింది నీకు?"

తమ్ముడు అరచేతిలో వంగిన మేకుని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు.

"ఏదైనా పేరు చెప్పాలి కదా బావా. దాని పేరు చెప్తే అది ఏ అఘాయిత్యమో చేసుకుంటుంది. నేనే కొనుక్కున్నానంటే అక్క ఏడుస్తుంది. నీ పేరు చెప్తే..." ఆగాడు.

"చెప్పు. నా పేరు చెప్తే?"

"అక్క నమ్మేస్తుంది అనిపించింది."

చెంప మీద ఎవరో కొట్టినట్టు అక్క వెనక్కి జరిగింది.

"ఆలోచించి చెప్పలేదు బావా. వ్యానులో దొరికిన సీసా కూడా నేను తాగి పడేసిందే. అప్పటికి గండం గడిస్తే చాలనుకున్నాను. తర్వాత సర్దుకుంటుందిలే అనుకున్నాను. నువ్వు ఇల్లొదిలి పోతావనుకోలేదు. నువ్వు ఏదీ పట్టించుకోవు కదా!"

"అవును," అన్నాడు బావ. "పట్టించుకోను. అందరూ అలాగే అనుకుంటారు."

వెళ్ళి విప్పిన గుడ్డని రెండు మేకులతో బిగించి సోఫా నిటారుగా నిలబెట్టాడు. దుమ్ము దులిపాడు. ఆ పని చేస్తూనే, అక్క వైపు చూడకుండా అన్నాడు:

"వాడు తాగి చెప్పాడే. నువ్వు తాగకుండానే నమ్మావు."

అక్కకి కన్నీళ్ళు రాలేదు. వస్తే బావుండేది. ఏడిస్తే ఈ మనిషి కరిగిపోతాడని తనకి తెలుసు, ఇన్నేళ్ళూ కరిగాడు. ఈసారి తన కళ్ళే తనకి ద్రోహం చేశాయి, పొడిగా ఉండిపోయాయి.

తమ్ముడు ఒక చివరా బావ ఒక చివరా పట్టుకుని సోఫాని వ్యానులోకి ఎక్కించారు. బావ తన వైపు బరువు ఎక్కువ వేసుకున్నాడు, అలవాటు కొద్దీ. రెండు కుర్చీలు కూడా ఎక్కించి, తాడు బిగించి, చేతులు దులుపుకున్నాడు.

అప్పుడొచ్చి అక్క ఎదురుగా నిలబడ్డాడు.

"పళ్ళ డాక్టరు కొత్త క్లినిక్కు ఊరవతల పెట్టాడు. చాలా దూరం. ముందు సీటు ఒకటి ఖాళీగా ఉంది. వస్తావా?"

"నేనా?"

"ఇంట్లో మన మాట ఎప్పుడూ పూర్తవలేదు. నేనేదో మొదలుపెడతాను, వాడు మెట్ల మీంచి పడతాడు. నువ్వేదో మొదలుపెడతావు, వాడికి వాంతులవుతాయి. దారిలో ఎవరూ ఉండరు. నాకు నీతో చెప్పాల్సింది ఉంది, నిన్ను అడగాల్సిందీ ఉంది. అది అయ్యాక, ఇంటికి రావాలా వద్దా అన్నది చూద్దాం. షాపు మూసెయ్యి. వస్తావా?"

పెళ్ళయ్యాక ఆయన దేనికీ పిలవలేదు. ఎప్పుడూ అక్కే పిలిచేది, ఆయన వచ్చేవాడు.

"వస్తాను," అంది అక్క. గొంతు పడుచుపిల్ల గొంతులా పలికింది. తనకే సిగ్గేసింది. లోపలికి పరిగెత్తి చెప్పులు వేసుకుంది, జుట్టు చేత్తో సరిచేసుకుంది, కత్తెర తీసి సొరుగులో పెట్టింది. బయటికి వస్తుంటే తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"అక్కా, నేను సెంటరుకి వెళ్ళిపోతాను."

"ఏంటీ?"

"ఇప్పుడే. ఈ వ్యానులోనే. క్లినిక్కు దారిలోనే కదా సెంటరు. నన్ను దింపెయ్యమను."

ఈ మాట కోసం అక్క ఎన్ని రోజులు ఎదురుచూసిందో! కాళ్ళు పట్టుకుని అడిగింది, తిట్టి అడిగింది. మళ్ళీ వెళ్ళమంటే 'చూద్దాం' అన్నాడు, 'నాకేమైంది' అన్నాడు. ఇప్పుడు తనంతట తనే అడుగుతున్నాడు.

బావ వ్యాను పక్కనుంచే అన్నాడు:

"వాడి నోటి వాసన ఇక్కడిదాకా కొడుతోంది. గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. తాగి ఉన్నవాడి సంతకం వాళ్ళు తీసుకోరు. మన ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడా లేదా సెంటరు డాక్టరు? ఆ మత్తులో అన్న అవునుకీ విలువ లేదు, కాదుకీ విలువ లేదు. నిద్రపోయి లేచాక అడగండి, అప్పుడూ వస్తానంటే తీసుకురండి అన్నాడు."

"అవును, అన్నాడు," అంది అక్క.

"రేపు పొద్దున్న నేనే తీసుకెళ్తాను. మాటిస్తున్నాను. వాణ్ణి పడుకోబెట్టి రా."

"రేపైతే వెళ్ళనక్కా," అన్నాడు తమ్ముడు. ఇప్పుడు నవ్వడం లేదు. "రేపు నేనెలా ఉంటానో నాకే తెలీదు. ఇప్పుడైతే వెళ్ళాలని ఉంది. ఇప్పుడు పంపెయ్యక్కా."

"పంపకండి వదినా!" మరదలు మెట్ల మీద సగంలో నిలబడి కేకపెట్టింది. "ఆయన వెళ్ళిపోతే మళ్ళీ రారు! నా మీద ఒట్టు, పంపకండి!"

అక్క ముగ్గుర్నీ చూసింది. డాక్టరు చెప్పింది గుర్తుంది. గేటు దగ్గర తిప్పి పంపేస్తారనీ తెలుసు. రేపు తీసుకెళ్తానన్న మనిషి ఇన్నేళ్ళలో మాట తప్పినవాడు కాదనీ తెలుసు. అన్నీ తెలుసు. అయినా, "ఇప్పుడైతే వెళ్తానంటున్నాడు, ఇప్పుడైతే వెళ్తానంటున్నాడు" అని ఒకటే హోరు చెవుల్లో. ఈ క్షణం జారిపోతే ఇంక దొరకదనిపించింది. ఆ హోరులో ఇంకేం వినపడలేదు.

వెళ్ళి వ్యాను ముందు తలుపు తీసింది.

బావ మొహంలో వెలుగు వచ్చింది. తను ఎక్కుతుందనుకున్నాడు.

"ఎక్కరా," అంది అక్క తమ్ముడితో.

తమ్ముడు ఎక్కాడు. అక్క తలుపు వేసింది. ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడి బావ వైపు తిరిగింది. "వీణ్ణి దింపేసి... మీరు ఇంటికే వచ్చేయండి. సాయంత్రం మాట్లాడుకుందాం. తీరిగ్గా మాట్లాడుకుందాం," అంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

బావ ఆమె కాళ్ళకున్న చెప్పులు చూశాడు. ప్రయాణానికి వేసుకున్న చెప్పులు.

"సరే," అన్నాడు.

అరిచినా బావుండేది. ఆయన వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు, బావమరిది వైపు వంగి బెల్టు పెట్టాడు, అద్దం సరిచేసుకున్నాడు. వ్యాను కదిలింది.

అక్క గేటు పట్టుకుని నిలబడింది. మెట్ల మీద మరదలి ఏడుపు ఆగిపోయింది. అది ఎందుకు ఆగిందో వెనక్కి తిరిగి చూడాలి, కానీ అక్క చూపు వీధి వదిలి రాలేదు.

వ్యాను వీధి చివరిదాకా వెళ్ళింది. మలుపు తిరగలేదు. అక్కడే ఆగిపోయింది. చాలాసేపు ఎవరూ దిగలేదు.

తర్వాత డ్రైవరు వైపు తలుపు తెరుచుకుంది.